ఎత్తిన రాయిని మళ్లీ అలాగే పెట్టమని చెప్పించండి

పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

పోయిన నెల సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ రాళ్ల తీరానికి వెళ్లాను. గుంటల్లో మిగిలిన నీళ్లలో ఏమున్నాయో చూడడానికి చాలామంది వచ్చారు. ఒక కుర్రాడు పీతల కోసం పెద్ద రాయి ఒకటి దొర్లించి, ఏమీ దొరక్క వెళ్లిపోయాడు. దాని అడుగున నారింజ రంగు స్పాంజి, సన్నటి గొట్టాల్లో ఉండే పురుగులు, జిగురుగా అంటుకున్న గుడ్లు. ఎన్నడూ ఎండ ఎరగని ప్రాణాలు, మిట్టమధ్యాహ్నం వెల్లకిలా పడి ఉన్నాయి. రాయి పైన పెరిగిన నాచేమో కింద నలిగిపోయింది. నేనే వెళ్లి రాయిని మళ్లీ తిప్పి పెట్టాను. ఆ పిల్లవాణ్ని తప్పుపట్టను. అతనికి చెప్పినవాళ్లు లేరు.

అక్కడ ప్రతి ప్రాణికీ తన చోటే ప్రాణం. బార్నకిల్ అనే గట్టి గుల్ల ఉన్న చిన్న ప్రాణి పసితనంలోనే తలను రాతికి అతికించుకుంటుంది, ఇక కదలదు, కాళ్లు ఆడిస్తూ నీళ్లలోంచి తిండి లాక్కుంటుంది. లింపెట్ అనే నత్తల్లో చాలా రకాలు పోటు వేళ తిరిగి నాచు గీక్కుతిని, సరిగ్గా తమ చోటికే వచ్చేస్తాయి. చిప్ప అంచు ఆ రాతికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది కాబట్టి లోపలి తడి ఆరదు. సరదాకి ఊడబీకి వేరే రాయి మీద పెడితే ఆ రక్షణ పోయినట్టే.

నాలుగు నక్షత్ర చేపలు పట్టుకుపోతే ఏమవుతుందిలే అంటారు. అమెరికా పసిఫిక్ తీరంలో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త 1963లో మొదలుపెట్టి, ఒక రాతి భాగం నుంచి నక్షత్ర చేపల్ని తీసేస్తూ వచ్చాడు. వాటికి ఆహారమయ్యే మసెల్ ఆలుచిప్పలు చోటంతా ఆక్రమించాయి. మొదట 15 రకాల జీవులున్న చోట 8 రకాలే మిగిలాయి. నాకైతే ఈ ఒక్క సంగతీ చాలు.

జనాన్ని రానివ్వొద్దని అడగడం లేదండీ, పిల్లలు తప్పక చూడాలి. తీరంలోకి దిగే దారి దగ్గర బొమ్మలతో ఒక బోర్డు పెట్టించండి: ఎత్తిన రాయిని అలాగే పెట్టండి, ఏదీ ఊడబీకకండి, బకెట్లో వేసుకుని పోకండి. బోర్డు ఒక్కటీ సరిపోదు, పక్కన ఓపిగ్గా చెప్పే మనిషి కూడా ఉండాలి. ఆటుపోట్ల వేళలు ముందే తెలుస్తాయి కాబట్టి ఆ మనిషి రోజంతా ఎండలో నిలబడక్కర్లేదు. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు బాగా వెనక్కి తగ్గే ఆ రెండు మూడు గంటలు ఉంటే చాలు.

ఇట్లు,
తీరానికి తరచూ వెళ్లే ఒక పౌరురాలు