రెండెకరాల కంప గురించి

కడప
ఆదివారం రాత్రి

చి.ల.సౌ. పద్మకు నాయన ఆశీర్వదించి రాయునది.

మోచేయి దోక్కుపోయింది, అంతే. మీ అమ్మ ఫోన్‌లో చెప్పినంత ఏమీ లేదు. కొండ మీద నుంచి పడలేదు, ఉన్నచోటే పడినాను. గులకరాళ్ళు కాలికింద గోలీల మాదిరి దొర్లినాయి, కూలబడినాను. చెప్పులేసుకొని వచ్చినానని ఫారెస్టు వాచర్ తిట్టినాడు, ఇంటికొస్తే మీ అమ్మ తిట్టింది, రాత్రి నువ్వు తిట్టినావు. ఇంక తిట్టేవాళ్ళు ఎవరూ మిగల్లేదు కాబట్టి జరిగింది నిదానంగా రాస్తున్నా.

సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నావు గదా, సిద్ధవటం దగ్గర అడివిని ఆనుకొని ఉన్న మన రెండెకరాలు ఒట్టి కంప పట్టిపోయింది, జేసీబీతో చదును చేయించి నిమ్మచెట్లు పెడదామని. నాకూ నచ్చింది. జేసీబీ అతనికి రెండు వేలు అడ్వాన్సు ఇచ్చినాను. హద్దు తేల్చుకుందామని ఫారెస్టు వాచర్‌ను అడిగితే, "హద్దు చూపిస్తా సార్, అంతకుముందు లోపల ఒక చుట్టు తిరిగొద్దాం రాండి" అన్నాడు. రేంజ్ ఆఫీసులో పర్మిషన్ కూడా ఆయనే చూసుకున్నాడు.

నిన్న పొద్దున ఆరుకు బయల్దేరినాం. మూడు కిలోమీటర్లుంటుందేమో. వంక వెంబడి పైకిపోయి, గుట్ట చుట్టు తిరిగి మళ్ళీ మన చేను దగ్గరికే దిగే దారి. ఈ లంకమల కొండలంటే నీకు శివరాత్రి జనం, కోనలో నీళ్ళు గుర్తుంటాయి. ఈ పక్క అవేమీ లేవు. అడుగు పెడితే పలుగురాయి. మన వంటింట్లో పరిచిన కడప బండ మాదిరి నున్నగా ఉండదు, పగిలిన చోట బ్లేడు అంచే. ఆ రాళ్ళ మధ్య బలుసు, రేగు, తుమ్మ, కలివి పొదలు. గుట్ట పైకి ఎర్రచందనం. నేను నాలుగు చోట్ల ఆగి ఆయాసం తీర్చుకున్నాను (ఇది అమ్మకు చెప్పలేదు).

గుట్ట దిగేచోట వాచర్ చదునైన జాగా చూసి గొంతుక్కూర్చున్నాడు. రాళ్ళు ఏరి పక్కన పడేసి, పుల్లతో నేల గీకి సాపు చేసినాడు. కలివికోడి అనే అరుదైన పిట్ట కోసం పరిశోధకులు వచ్చినప్పుడు తాను కూలికి పోయేవాడంట. ఐదు మీటర్ల పొడవు, జానెడు కంటే కొంచెం ఎక్కువ వెడల్పున జల్లించిన మెత్తటి మన్ను పరిచి, మళ్ళీ వచ్చి దాని మీద అడుగుజాడలు చూసేవాళ్ళంట. ఆ పిట్ట పగలు పొదల్లో నక్కి ఉంటుంది, రాత్రిపూట తిరుగుతుంది, కాబట్టి మనిషి కంటికంటే మన్నుకే ఎక్కువ కనపడుతుంది. దాని కాలికి ముందు మూడు వేళ్ళే, వెనక వేలు లేదు. వేలితో మట్టిలో మూడు గీతలు గీసి చూపించినాడు, ముగ్గు వేసినంత శ్రద్ధగా. "మూడు వేళ్ళ పిట్టలు ఇంకా ఉండాయి సార్, గీత చూసి ఇదే అని ఎగరకూడదు" అని కూడా అన్నాడు.

కలివికోడి పేరు చెప్పంగానే నాకు నవ్వొచ్చింది పద్మా. 1988లో మా తపాలా శాఖ దాని బొమ్మతో రూపాయి స్టాంపు తెచ్చింది. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. ఆ పిట్ట మొహం మీద ఎన్ని ముద్రలు కొట్టినానో లెక్కలేదు, ఒక్కసారన్నా నిలబడి చూడలేదు. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, గొంతు దగ్గర తుప్పురంగు మచ్చ. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే దొర దాన్ని మొదట గుర్తించినాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడకపోతే అంతరించిపోయింది అనుకున్నారు. 1986 జనవరిలో ఇక్కడే, రెడ్డిపల్లె దగ్గర, ఒకాయన రాత్రిపూట టార్చి వేసి పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ అదే ఈ పిట్ట అని తేల్చినాడు. ఆ తర్వాతే లంకమల అభయారణ్యమైంది. తెలుగుగంగ కాలువ దారి కూడా దీనికోసం మళ్ళించినారు.

అసలు సంగతి ఇప్పుడు. ఈ పిట్టకు దట్టమైన అడివి పనికిరాదు, బోడినేల పనికిరాదు. పరిగెత్తడానికి పొదల మధ్య సందు కావాలి, దాక్కోవడానికి పొద కావాలి. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలుండే చోట్లే దాని అడుగుజాడలు ఎక్కువ దొరికినాయంట. అట్లాంటి నేలనే మనం కంప అంటాం. కంప కొట్టి నిమ్మతోటలు పెట్టినచోట దానికి నిలువ నీడ పోయింది.

హెక్టారంటే రెండున్నర ఎకరాలు గదా. వచ్చేటప్పుడు మన చేనులో నిలబడి పొదలు లెక్కపెట్టడం మొదలుపెట్టినాను. మూడు వందల పది దాకా వచ్చినాయి. ఎండ ముదిరింది, వాచర్ గడియారం చూస్తున్నాడు, తూర్పు మూల ఇంకా మిగిలే ఉంది.

మన చేనులో ఆ పిట్ట ఉందని నేను చెప్పడంలేదు. ఉండకపోవచ్చు, ఎక్కువ భాగం ఉండదు. కానీ నిమ్మకు నీళ్ళు కావాలి, బోరు వేయాలి, ఆ బోరులో నీళ్ళు పడతాయో లేదో మీ తాతకే తెలియలేదు. ఆయన రెండు బావులు తవ్వి వదిలేసినాడు. ఈ ఏడాదికి ఆగుదాం. జేసీబీ అతనికి ఫోన్ చేసి రావద్దన్నాను. అడ్వాన్సు తిరిగి ఇయ్యనన్నాడు, ఇంకెక్కడన్నా పని ఉంటే పట్టుకుంటాడంట. ఆ రెండు వేలు నా పింఛనులోవే, నువ్వు లెక్క అడగొద్దు.

నిన్న సాయంత్రం చేనులో గట్టు పక్కన ఐదు మీటర్లు మన్ను పరిచి వచ్చినాను. ఈ పొద్దు పోయి చూస్తే ఒక కుక్క, మేకలు, ఒక కుందేలు. నెమలి కూడా నడిచినట్టుంది. రేపు మళ్ళీ పోతా, ఈసారి బూట్లేసుకొనే.

ఒక మాట. మీ అమ్మ పిండి జల్లెడ కనపడలేదని నిన్నటి నుంచి ఇల్లంతా వెతుకుతాంది. అది చేనులో ఉంది. ఫోన్‌లో నోరు జారొద్దు.

ఇట్లు,
మీ నాయన