ఫుట్‌స్టెప్పు వేరు, బండిని మోసే గొట్టం వేరు

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో దేవమాలి ప్రయాణం మీద వచ్చిన వ్యాసం చదివాను. మంచు, కాఫీ తోటలు, సూర్యోదయం అన్నీ కళ్లకు కట్టారు. చివర్లో బండికి తగిలించుకోవాల్సిన వస్తువులంటూ ఫాగ్ లైట్లు, పైన క్యారియరు, పక్కన రాక్ స్లైడర్లు (రాళ్ల దెబ్బ ఆపడానికి తలుపుల కింద బిగించే ఉక్కు గొట్టాలు) మూడింటినీ ఒకే గాటన కట్టేసి, లుక్ కూడా బాగుంటుందని ముగించారు. ఆ ఒక్క ముక్క గురించే ఈ ఉత్తరం.

నాది సిమిలిగుడలో వెల్డింగ్ షెడ్డు. మా నాన్న హయాంలో కమాండర్ జీపులకి టాపు ఫ్రేములు, వెనక బెంచీలు కట్టేవాళ్లం. ఇప్పుడు థార్లు, గూర్ఖాలు, బొలెరోలు వస్తున్నాయి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ జయపురం సీమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి ఇక్కడ తెలుగు ఇళ్లకి కొదవ లేదు. మీ పేపరు కూడా సాలూరు మీదుగా ఘాటీ ఎక్కి, కాస్త ఆలస్యంగానైనా వస్తుంది.

దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండే, 1672 మీటర్లు. కానీ దాన్ని చూసి రావడానికి స్లైడర్లు అక్కర్లేదు, రోడ్డుంది. వాటి అవసరం పడేది నారాయణపట్నం, బంధుగాం వైపు తారురోడ్డు వదిలి వాగుల్లో దిగేవాళ్లకీ, కొటియా పల్లెల మధ్య గుట్టలు ఎక్కేవాళ్లకీ. ఆ 21 పల్లెలూ మావంటే మావని ఆంధ్రా, ఒడిశా రెండూ పోటీపడి పనులు చేస్తున్నాయి గానీ, పల్లెకీ పల్లెకీ మధ్య చాలాచోట్ల ఇంకా రాళ్లదే రాజ్యం.

థార్ నేల నుంచి 226 మిల్లీమీటర్లు ఎత్తు, జిమ్నీ 210 అని కంపెనీలు చెబుతాయి. అది చదును నేల మీద లెక్క. ముందు చక్రం బండరాయి ఎక్కి అవతలికి దిగగానే ఆ రాయి బండి నడుము కిందకి వస్తుంది, చక్రం దిగినకొద్దీ నడుమూ దిగుతుంది. మలుపులో ఇంకో తంటా. ముందు చక్రం నడిచిన జాడలో వెనక చక్రం నడవదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. ముందు చక్రాన్ని జాగ్రత్తగా తప్పించానని డ్రైవరు సంతోషపడేలోపు అదే రాయి తలుపు కింద తగులుతుంది. అక్కడ ఉండేది మడిచి అతికిన రేకు డబ్బా. మేం సిల్లు అంటాం. అది నొక్కుకుపోతే తలుపు సరిగ్గా పడదు. లోపలినుంచి సుత్తి దూరే సందుండదు కాబట్టి డెంటింగ్‌తో పోదు, కోసి కొత్త రేకు అతకాలి. అతికినచోట మా వానలకి తుప్పు ఎంత తొందరగా పడుతుందో చెప్పక్కర్లేదు.

పోయిన వానాకాలం అయ్యాక విశాఖ నుంచి వచ్చిన ఓ జంట థార్ తెచ్చి నా షెడ్డు ముందు ఆపారు. ఎడమ తలుపు తెరుచుకోవడం లేదు. ఆ అమ్మాయి గేరు రాడ్డు దాటుకుని డ్రైవరు వైపు నుంచి దిగింది. కిందకి వంగి చూస్తే అద్దంలా మెరిసే స్టీలు గొట్టం పైకి లేచి, తలుపు కింది అంచులో ఇరుక్కుని ఉంది. దాన్ని పట్టుకున్న బ్రాకెట్టు పల్చటి పట్టీ. అది మధ్యకి మడత పడి, బోల్టు కన్నం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయింది. గొట్టం చివర నల్ల రబ్బరు మూత వేలాడుతోంది. గ్రైండరు పెట్టి బ్రాకెట్టు కోసేశాక గానీ తలుపు రాలేదు. సిల్లు మీద రాయి గుర్తు ఒక్కటీ లేదు, ఉన్న సొట్ట మొత్తం ఆ గొట్టం కొట్టిందే. "రాక్ స్లైడర్లు అంటేనే కొన్నాం అన్నా, బిల్లు మీద కూడా అదే రాశాడు" అన్నాడు ఆ కుర్రాడు, ఫోన్లో బిల్లు చూపిస్తూ. అమ్మిన షాపు పేరు ఇక్కడ రాయను. అలాంటి షాపు అదొక్కటే కాదు.

వాళ్లకి అమ్మింది స్లైడరు కాదు, బండి ఎక్కడానికి కాలు పెట్టే ఫుట్‌స్టెప్పు. ఫుట్‌స్టెప్పు పని మనిషి కాలు మోయడం, స్లైడరు పని బండిని మోయడం. థార్, గూర్ఖా, బొలెరో, జిమ్నీ లాంటి బండ్లకి కింద నిచ్చెనలా ఉక్కు ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. స్లైడరు కాళ్లు ఆ ఛాసిస్‌కే పట్టాలి. బాడీ రేకుకి పట్టిస్తే రాయి దెబ్బని మనమే చెయ్యిపట్టి సిల్లు దాకా తీసుకెళ్లినట్టు. క్రెటా, బ్రెజా లాంటి వాటికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే అన్నీ. వాటికి స్లైడర్లు కట్టమని అడిగేవాళ్లని నేను టీ ఇచ్చి పంపించేస్తాను.

పక్కకి మూడో నాలుగో కాళ్లుండాలి. ప్రతి కాలికీ ఛాసిస్ మీద ఒరిగే వెడల్పాటి ప్లేటుండాలి, లేకపోతే బరువంతా ఒక్క బిందువు మీద పడి ఛాసిస్ గోడే లోపలికి నొక్కుకుపోతుంది. బోల్టులతో బిగించేటప్పుడు కంపెనీ ఇచ్చిన కన్నాలు ఉంటే వాటినే వాడాలి. ఛాసిస్ పై అంచులోనూ కింది అంచులోనూ డ్రిల్లు పెట్టకూడదు, బలమంతా అక్కడే ఉంటుంది. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో దాని బలం చెప్పే అంకె చూసుకోండి, అంకె లేని బోల్టు గేటుకి పనికొస్తుంది. ఛాసిస్‌కి నేరుగా వెల్డింగ్ కొడితే గట్టిగానే ఉంటుంది గానీ వారంటీ తకరారు వస్తుంది. పైగా ఆ పక్కనే బ్రేక్ పైపూ డీజిల్ పైపూ పోతుంటాయి. వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ మైనస్ వైరు ఊడదీయాలి, ఎర్తు క్లాంపు అతికేచోటికి దగ్గర్లోనే పెట్టాలి. ఈ రెండూ చేయని మేస్త్రీకి కొత్త బండి తాళాలు ఇవ్వకండి. బండిలోని కంప్యూటరు కాలిపోయాక అతన్ని తిట్టి లాభం లేదు.

సిల్లుకీ స్లైడరుకీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందుండాలి. గుంటల్లో ఛాసిస్ మెలితిరుగుతుంది, బాడీ రబ్బర్ల మీద ఊగుతుంది, సందు లేకపోతే రెండూ కొట్టుకుంటాయి. వెనక కొస కాస్త బయటికి వంచితే రాయో చెట్టు మొదలో తగిలినప్పుడు వెనక టైరు దాని మీదకి పోకుండా బండిని పక్కకి నెడుతుంది. అంతకు మించి వెడల్పు వద్దు. సంత రోజున కుందులి దారిలో నెత్తిన అల్లం బుట్టలతో నడిచేవాళ్లు రోడ్డు అంచునే వస్తారు, ఈ గొట్టం సరిగ్గా వాళ్ల మోకాలి ఎత్తులో ఉంటుంది.

గొట్టం సంగతి. మెరిసే స్టీలువి చాలామటుకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందమే. నేను వాడేది నీళ్ల పైపు షాపుల్లో దొరికే 40 ఎంఎం సి క్లాసు ఇనుప పైపు. ఎర్ర పట్టీ వేసి ఉంటుంది, గోడ మందం 4 మిల్లీమీటర్లు. పసుపు పట్టీది ఎ క్లాసు, పల్చన. నీలం పట్టీది మధ్యస్తం. రెండు పక్కలా కలిపి ఇంచుమించు 40 కిలోలు బరువు పెరుగుతుంది, ఆ మేరకు సామాను తగ్గించుకోవాలి. పౌడరు కోటింగు చూడ్డానికి బాగుంటుంది గానీ రాయి గీరినచోట పొర లేచి, కింద నీళ్లు చేరి, పైకి కనిపించకుండా తుప్పు తింటుంది. ప్రైమరు మీద మామూలు నల్ల రంగు వేయించుకుంటే ప్రతి ప్రయాణం తర్వాతా మీరే బ్రష్షుతో సరిచేసుకోవచ్చు. రేటు రాయను, నా షెడ్డుకి ప్రచారం అనుకుంటారు.

వీటిలో ఏదీ గుర్తుండకపోయినా ఫరవాలేదు. డబ్బులు ఇచ్చేముందు షాపు ఎదుటే, చదును నేల మీద, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకి రాళ్లు పెట్టి, స్లైడరు కింద జాకీ పెట్టి ఆ వైపు చక్రం గాల్లోకి లేచేదాకా ఎత్తించండి. బండి కిందకి ఎవరినీ పోనివ్వకండి. గొట్టం వంగకూడదు, సందు మూసుకుపోకూడదు, దించాక తలుపు ఎప్పట్లా పడాలి. అమ్మేవాడు "దానికి జాకీ పెట్టకూడదు సార్" అన్నాడంటే అది ఫుట్‌స్టెప్పే. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి బిగించుకోవాలి. ఎక్కడైనా పదినిమిషాల పని.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ముందు బంపరుకి కట్టే క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. అది సబబే. ఎయిర్‌బ్యాగు సెన్సారుకి అడ్డం, నడిచేవాళ్లకి ప్రమాదం. పక్కన, సిల్లు కింద, బండి వెడల్పు దాటకుండా ఉండే గొట్టం సంగతి మాత్రం ఒక్కోచోట ఒక్కోలా చెబుతున్నారని నా దగ్గరికి వచ్చేవాళ్ల గోల. ఒకచోట ఏమీ అనరు, ఇంకోచోట ఫైను రాస్తామంటారు. తమాషా ఏమిటంటే మెరిసే ఫుట్‌స్టెప్పుని ఎవరూ ఆపరు, కంపెనీదే అనుకుంటారు.

మీ పత్రిక రెండు రాష్ట్రాల్లోనూ చదువుతారు కాబట్టి ఈ ప్రశ్నని రవాణా అధికారుల ముందు మీరే పెట్టాలి. ఛాసిస్‌కి బోల్టులతో పట్టి, విప్పితే మళ్లీ ఊడొచ్చే స్లైడరుకి అనుమతి ఉందా? ఉంటే ఎంత వెడల్పు దాకా, ఎంత బరువు దాకా? ఎవరి దగ్గర రాయించుకోవాలి? జవాబు ఒక్క పేజీ చాలు. తెలుగులో, ఒడియాలో అచ్చువేసి సుంకి దగ్గర సరిహద్దు గేటుకి అతికిస్తే, నా షెడ్డుకి వచ్చేవాళ్లకి నేను అదే చూపిస్తాను.

ఇట్లు,
ఒక వెల్డింగ్ షెడ్డు మేస్త్రీ,
సిమిలిగుడ, కోరాపుట్ జిల్లా, ఒడిశా