పరుగు దారి కన్నా ముందు డబ్బు దారి గీయండి

సంపాదకులకు,

శరణార్థుల, వలస కుటుంబాల వైద్యం కోసం మారథాన్ పెట్టదలచిన సంఘాలకు మీ పత్రిక ద్వారా మా విన్నపం ఇది. రోడ్ల మీద పరుగు దారి గీయకముందే, వచ్చే డబ్బు ఏ దారిన పోతుందో గీసుకోండి. 'శరణార్థుల వైద్యానికి' అని మాత్రమే చెప్పి చందాలు వసూలు చేస్తే, సొమ్ము ఒకరోజు శిబిరానికీ మందుల పెట్టెలకూ పోతుంది. కంటికి కనిపించేవి అవే కదా. బీపీకి పది రోజుల మాత్రలు పుచ్చుకున్న మనిషికి పదకొండో రోజున ఎవరు దిక్కు?

టీబీనే తీసుకోండి. మందులకు లొంగే మామూలు టీబీకి ఎక్కువగా వాడే కోర్సు 6 నెలలు. బస మారి మధ్యలో మాత్రలు ఆగితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. అందుకే ఒక రోగి చికిత్స పూర్తయ్యేదాకా అయ్యే ఖర్చు ముందే లెక్కగట్టాలి: మందులు, పరీక్షలు, రాకపోకలు, రానివారికి ఫోను చేసి పిలిపించే మనిషి జీతం. వచ్చిన డబ్బు ఎంతమందికి చివరిదాకా సరిపోతే అంతమందికే మాటివ్వాలి.

దాతల కంటికి ఆనని ఖర్చు దుబాసీ. డాక్టరుకు రోగి భాష రానప్పుడు బడికెళ్లే పిల్లవాణ్ని మధ్యలో కూర్చోబెడతారు. తన రక్తస్రావం గురించో, తన మీద జరిగిన హింస గురించో తల్లి కొడుకు నోట చెప్పించదు. చెప్పకుండానే లేచి వెళ్లిపోతుంది. 'రోజుకు రెండుసార్లు' అన్నది 'రెండు రోజులకోసారి' అయిందంటే ఇక ఆ మందు ఇచ్చీ లాభం లేదు. శిక్షణ పొందిన దుబాసీ కావాలి, ఎదురుగా దొరక్కపోతే ఫోన్లోనైనా. ఒక్కో రోగికి మామూలుకు రెట్టింపు సమయం పెట్టుకోవాలి. స్త్రీలకు స్త్రీ దుబాసీయే ఉండాలి. బంధువులూ సొంతూరివాళ్లూ వద్దు, గుట్టు దాగదు. మా లెక్కలో మందుల తర్వాత మొదటి పద్దు ఇదే.

రోగి చేతిలోనే ఉండే చిన్న పుస్తకానికీ కొంత తీయండి. మందును కంపెనీ పెట్టిన పేరుతో రాస్తే దేశం దాటాక ఎవరికీ అర్థం కాదు, జెనరిక్ పేరే, అంటే మందులోని అసలు పదార్థం పేరే రాయాలి. టీకాల తేదీలూ అందులోనే ఉండాలి. పాత కాగితం లేదని పిల్లల్ని వెనక్కి పంపకండి. తట్టు టీకా ఇదివరకే పడి ఉన్నా మళ్లీ వేస్తే హాని లేదు, రెండు డోసుల మధ్య కనీసం 4 వారాలుంటే చాలు. నివాస అనుమతి వివరాలు మాత్రం ఎక్కడా రాయొద్దు. పేరు అధికారులకు చేరుతుందన్న భయంతో జబ్బు ముదిరేదాకా గడప దాటనివాళ్లు ఎందరో.

ఇక పరుగు. 42.195 కిలోమీటర్లు కొత్తవాళ్ల దగ్గర 16 నుంచి 20 వారాల సాధన అడుగుతుంది. చందాల ఉత్సాహంలో అందరినీ అందులోకి దించకండి. 5, 10 కిలోమీటర్ల పరుగులూ పెట్టండి. వైద్యం కోసం పెట్టిన పరుగు ఆ ఊరి అంబులెన్సులన్నిటినీ లాగేసుకోకూడదు.

సుమారు 5 కిలోమీటర్లకోచోట నీళ్లుండాలి, కానీ తాగమని బలవంతపెట్టే వాలంటీర్లు ఉండకూడదు. దాహానికి మించి గంటల తరబడి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే ఫిట్స్. నీరసమనుకొని సోడియం పరీక్షించకుండా మామూలు సెలైన్ ఎక్కిస్తే ప్రాణం మీదికి రావచ్చు. నాలుగైదు గంటలకు పైగా నెమ్మదిగా పరుగెత్తేవారికే ఈ ముప్పు ఎక్కువ, సేవా పరుగులకు వచ్చేదీ అలాంటివారే. వడదెబ్బ సంగతి వేరు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తికమకపడుతుంటే, ముందు ఐసునీళ్ల తొట్టిలో చల్లబరిచి ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. చంకలో, నుదుటి మీద పెట్టే థర్మామీటరు అక్కడ మోసం చేస్తుంది, మలద్వారంలో కొలిచేదే నమ్మదగింది. ముగింపు గీత దాటి ఠక్కున ఆగినవారికి కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరుగుతాయి కాబట్టి కాసేపు నడిపించాలి. ఆగిన గుండెను షాకుతో మళ్లీ కొట్టుకునేలా చేసే డీఫిబ్రిలేటర్లను తగినన్ని సైకిళ్ల మీద తిప్పితే ఎక్కడివారికైనా 3 నిమిషాల్లో అందించవచ్చు.

నమోదు రుసుముతోనే పరుగు ఖర్చులు తీరాలి, చందా మొత్తం వైద్యానికే వెళ్లాలి, రెండింటికీ వేర్వేరు ఖాతాలుండాలి. పోస్టర్ల మీద రోగుల ఫొటోలు వేయకండి. స్వదేశంలో మిగిలిపోయిన బంధువులకు ఆ ముఖమే ఆపద తేవచ్చు. పరుగెత్తాలనుకునే శరణార్థుల దగ్గర రుసుము తీసుకోకండి, గుర్తింపు కార్డు అడగకండి. 2016 రియో ఒలింపిక్స్‌లో శరణార్థి జట్టు తరఫున యోనాస్ కిండే పరుగెత్తింది మారథానే.

నెల తిరగకుండా జమాఖర్చులు అచ్చువేయండి. 6 నెలల తర్వాత మరొకటి వేయండి: ఎంతమందికి చికిత్స పూర్తయింది, ఎంతమంది మధ్యలో జారిపోయారు, ఎందుకు జారిపోయారు.

ఇట్లు,
దూరపు పరుగుల నిర్వహణలో, వలస కుటుంబాల వైద్యసేవలో పనిచేస్తున్నవాళ్లం