జిమ్ డబ్బాలో స్వీడన్ పరిశోధన

అయ్యా,

గత నెల మా మేనల్లుడు జిమ్ నుంచి తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి మోసుకొచ్చాడు. లోపల గ్లూటమైన్ పొడి. ఖరీదు 1,800 రూపాయలు. "మామయ్యా, ఇది తాగితే కొవ్వులో వాపు తగ్గి పొట్ట దానంతటదే కరిగిపోతుందట, స్వీడన్ వాళ్లు కనిపెట్టారట" అన్నాడు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పిన అలవాటు కొద్దీ డబ్బా తిప్పి చూశాను. ఇది మందుగా వాడేది కాదని వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఉంది. జిమ్‌లో మాత్రం ఆ ముక్క ఎవరూ చెప్పలేదట.

స్వీడన్ సంగతి అబద్ధమైతే గొడవే లేకపోను. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఊబకాయం ఉన్నవారి కొవ్వును, లేనివారి కొవ్వును పోల్చి చూసి, ఉన్నవారిలో గ్లూటమైన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్లను కట్టే ఇటుకల్లో ఒకటి) తక్కువగా ఉందని 2019 చివర్లో ప్రకటించారు. ఇక్కడ వాపంటే కాలు బెణికితే వచ్చేది కాదు, నొప్పీ ఉండదు. ఉబ్బిపోయిన కొవ్వు కణాలు వదిలే రసాయనాలకు రక్షణ కణాలు వచ్చి చేరి అక్కడే తిష్ఠ వేస్తాయి. క్రమంగా ఇన్సులిన్ మాట చెల్లకుండా పోతుంది, షుగర్‌కు దారి పడుతుంది. గ్లూటమైన్ తగ్గిన కణం గ్లూకోజ్‌ను మరింతగా వాడుకుంటుందని, ఆ క్రమంలో తయారైన చక్కెర ముక్క కణ కేంద్రకంలోని ప్రోటీన్లకు అతుక్కుని వాపు జన్యువులను నిద్ర లేపుతుందని వాళ్లు చూపించారు. లావెక్కిన ఎలుకలకు గ్లూటమైన్ ఇస్తే కొవ్వు, వాపు రెండూ తగ్గాయి.

ఎలుకలకు ఇచ్చింది ఇంజక్షన్. మావాడు తాగేది పాలలో కలిపిన పొడి. తాగిన గ్లూటమైన్‌లో చాలా భాగం పేగు కణాలే వాడేసుకుంటాయి. పైగా కణ విభజనకు, క్యాన్సర్ కణాలకు కూడా ఇది కావలసిందేనని, దీర్ఘకాలంలో ఏమవుతుందో తేలేదాకా సప్లిమెంట్‌గా సిఫారసు చేయలేమని ఆ పరిశోధకులే అన్నారు. అమ్మేవాళ్లకు ఈ వాక్యం ఎలా కనిపించలేదో! ‘ఒంట్లో ఉండేదేగా, తాగితే ఏమవుతుంది’ అనేవాళ్లకు ఇంకొకటి చెప్పాలి. అవయవాలు దెబ్బతిని ఐసీయూలో ఉన్న 1,200 మందికి పైగా రోగులతో జరిపిన ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. గ్లూటమైన్ ఇచ్చినవారిలోనే మరణాలు ఎక్కువ. జిమ్ కుర్రాళ్లు వేరు, ఒప్పుకుంటాను. అయినా ఇది ఉప్మాలో కరివేపాకు కాదు.

దేశంలో పెద్దవాళ్లలో 39.5 శాతం మందికి పొట్ట ఊబకాయం ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే తేల్చింది. ఈ పొడికి గిరాకీ ఎంతుంటుందో వేరే చెప్పాలా? కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ పేజీ ఏ జిమ్ గోడకూ నేను చూడలేదు.

పండగ వస్తే స్వీటు షాపుల్లో శాంపిళ్లు తీసే ఆహార భద్రతా అధికారులు ఒక్కసారి జిమ్ కౌంటర్లకూ వెళ్లాలి. డబ్బా మీద లైసెన్స్ నంబరుందా అని మాత్రమే కాదు, ఏం చెప్పి అమ్ముతున్నారో కూడా వినాలి. పత్రికలవారూ ఇలాంటి పరిశోధన వార్త వేసేటప్పుడు అది మనుషుల మీద చేసిందో, ఎలుకల మీదో మొదటి పేరాలోనే రాస్తే మేలు.

డబ్బా వెనక్కిద్దామంటే బిల్లే ఇవ్వలేదట. కనీసం ఫిర్యాదు చేయాల్సిన నంబరైనా ప్రతి జిమ్‌లో కనబడేలా రాయించమని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత జువాలజీ లెక్చరర్, కాకినాడ