మాయ కిందికి ఉందని తెలుగులో ఒక్క ముక్క రాయించలేరా, మంత్రిగారూ?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

గర్భిణుల స్కానింగ్ రిపోర్టుల్లో ముఖ్యమైన సంగతి తెలుగులో రాయించమని ప్రజావాణిలో రెండు సోమవారాలు అర్జీ పెట్టుకున్నాను. రెండు రశీదులూ భద్రంగా ఉన్నాయి, జవాబే రాలేదు. అందుకే ఇలా నలుగురిలో అడుగుతున్నాను.

మా తమ్ముడి భార్యకు అయిదో నెలలో స్కానింగ్ తీశారు. "బానే ఉంది, 32 వారాలకు మళ్లీ రా" అని రిపోర్టు చేతిలో పెట్టారు. ఆ రోజు 9వ తేదీ, నెలనెలా గర్భిణులను ప్రత్యేకంగా చూసే రోజు, బయట ఎంత క్యూ ఉందో చూశాను, వాళ్ల తొందర వాళ్లది. రిపోర్టు మూడో లైనులో "ప్లాసెంటా పోస్టీరియర్, లో లయింగ్" అని ఉంది. తమ్ముడు కూడబలుక్కుని చదివాడు, అర్థమైతే కాలేదు. కడుపులో బిడ్డకు అంటి ఉండే మాయ గర్భసంచిలో బాగా కిందికి ఉందని దాని అర్థమట, మాకు తర్వాతే తెలిసింది. మా అమ్మకేమో కింద ఉన్న "లిక్కర్ అడిక్వేట్" మీద దిగులు. "మా కోడలు కల్లు కూడా ముట్టదు కదమ్మా!" అంది. ఉమ్మనీరు సరిపడా ఉందని చెప్పడమట అది. తర్వాత తెలిసి నవ్వుకున్నాం.

ఏడో నెలలో ఒక రాత్రి లంగాకు ఎర్రగా మరక కనబడింది. నొప్పి లేదు. "వేడి చేసిందేమో వదినా" అని నాకు ఫోన్లో చెప్పి, సబ్జా నీళ్లు తాగి పడుకుంది. నేనూ సరేనన్నాను, అదే ఇప్పటికీ నన్ను తినేస్తోంది. తెల్లారేసరికి పక్క తడిసిపోయింది. 108లో తీసుకెళ్తే డాక్టరమ్మ కసిరింది: "మాయ కిందికి ఉన్నవాళ్లు నొప్పి లేకుండా రక్తం కనబడితే ఆ నిమిషమే రావాలి. రిపోర్టులో రాసుంది కదా!"

రాసుంది, నిజమే. మూడో లైనులో.

సిజేరియన్ చేశారు, తల్లీబిడ్డలు దక్కారు. పిల్లను 11 రోజులు నవజాత శిశువుల వార్డులో ఉంచారు. ఆపరేషన్‌కు ముందు మా వాడితో సంతకం పెట్టించుకున్న కాగితం కూడా ఇంగ్లీషే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఇన్ని కడుపులు కోసేచోట ఎందుకు కోస్తున్నారో ఇంటివాళ్లకు అర్థమయ్యే మాటలో రాయొద్దా?

అదే స్కానింగ్ గది గోడ మీద, పుట్టబోయేది ఆడో మగో చెప్పడం నేరమని తెలుగులో పెద్ద బోర్డు ఉంది. చట్టం పెట్టమంది కాబట్టి పెట్టారు, మంచిదే. అంటే చెప్పకూడనిది తెలుగులో, చెప్పాల్సింది ఇంగ్లీషులోనా సార్? తల్లీబిడ్డల కార్డు అచ్చు తెలుగే, అందులో చేత్తో నింపేది మాత్రం "జీ2 పీ1 ఎల్1". రెండో కాన్పు, ఒక బిడ్డ ఉంది అంటే చాలదా?

మాటల్లేక కాదు. మాయ, ఉమ్మనీరు, ఎదురుకాళ్లు, గుర్రపువాతం... మా నాయనమ్మకు ఇవన్నీ తెలుసు. రిపోర్టు కింద తెలుగులో మూడు ముక్కలు రాయించండి: ఏముంది, ఏం చేయకూడదు, ఎప్పుడు పరుగెత్తుకుని రావాలి. రాసే తీరిక లేకపోతే రబ్బరు స్టాంపైనా వేయించండి. ఏదో ఒకటి చేయండి సార్.

రిపోర్టు జిరాక్సు జతచేస్తున్నాను. మూడో లైను మీ ఇంట్లో ఆడవాళ్లకు ఒకసారి చదివి వినిపించండి.

ఇట్లు,
ఒక ఆడబిడ్డ,
మహబూబాబాద్ జిల్లా