శేషాచలం కాల్పులకు జవాబు కోర్టులో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

శేషాచలంలో కాల్పులు జరిపిన పోలీసులపై హత్య కేసు పెడితే బలగాల మనోధైర్యం దెబ్బతింటుందన్న మాట మన చెన్నై తెలుగువాళ్ల నోటా తరచూ వింటున్నాను. "చనిపోయింది కట్టెల దొంగలే కదా" అని కూడా అంటారు. వినలేకపోతున్నాను. ఎర్రచందనం నరికితే చట్టంలో ఉన్నది జైలు. కాల్చి చంపమని ఎక్కడా లేదు.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఆంధ్రప్రదేశ్ ఎర్రచందనం స్మగ్లింగ్ నిరోధక టాస్క్‌ఫోర్స్ తూటాలకు 20 మంది బలయ్యారు. చాలామంది మన తమిళనాడులోని తిరువణ్ణామలై, ధర్మపురి వైపు కూలీలు. రాళ్లు, కొడవళ్లతో మీదపడితే ఆత్మరక్షణకు కాల్చామన్నారు పోలీసులు. కొందరిని ముందురోజే బస్సులోంచి దింపి తీసుకెళ్లారన్నారు బతికి బయటపడ్డవాళ్లు. ఏది నిజమో తేల్చాల్సింది న్యాయమూర్తి.

ఎన్‌కౌంటర్ మరణాలపై సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులోనే స్పష్టంగా చెప్పింది: ఎఫ్‌ఐఆర్ ఉండాలి, సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ దర్యాప్తు చేయాలి, మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి, ఆ వెంటనే పతకాలు, ప్రమోషన్లు ఇవ్వకూడదు. ఏడు నెలలు తిరక్కుండానే శేషాచలం జరిగింది.

ఆత్మరక్షణ హక్కు పోలీసుకూ ఉంది, కాదనను. దాన్ని సాక్ష్యాలతో నిరూపించుకోమనే అడుగుతున్నాం. 2020లో తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో పోలీసులు పట్టుకెళ్లి కొట్టిన తండ్రీకొడుకుల మరణంపై హైకోర్టు మధురై ధర్మాసనం గట్టిగా నిలబడింది, సీబీఐ పోలీసులపైనే హత్య అభియోగాలు మోపింది. తమిళనాడు పోలీసు వ్యవస్థేమీ కూలిపోలేదు. శేషాచలం మృతుల భార్యాబిడ్డలకూ అలాంటి విచారణే కావాలి.

— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై