పొలం మీద ఎగిరేది ఎవరి డ్రోనో!

సంపాదకులకు,

2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఒకదానికొకటి తగలకుండా ఆకాశంలో బొమ్మలు కట్టాయి. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. వాటన్నిటినీ నడిపింది ఒకే జట్టు. మా చేలో ఎగిరినవి రెండే, అవీ గుద్దుకోబోయాయి.

మొన్న సార్వాలో దోమపోటు తగిలినప్పటి సంగతి. గాలి లేవకముందే మందు కొట్టించాలని పొద్దున్నే పక్కూరి కుర్రాణ్ణి డ్రోన్‌తో రమ్మన్నాను. రెండు మళ్ళు పూర్తయ్యాయో లేదో, కాలవ గట్టున పెళ్ళి ఫొటోలు తీస్తున్నవాళ్ళ డ్రోన్ చేను మీదకి వచ్చేసింది. కుర్రాడు "ఎవరిదండీ అది!" అని అరుస్తూ, కంగారులో తన డ్రోన్‌ని ఉన్నచోటే దించేశాడు. మందు ట్యాంకుతో సహా బురదలో కూలబడింది. రెక్కలకు చుట్టుకున్న వరి ఆకులు నేనే పీకాను. మందు ఒలికిన మేర దుబ్బులు మాడిపోయాయి. తిడదామంటే ఎవరిని తిట్టాలో తెలియలేదు.

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే డ్రోన్లకు ఆంక్షలు లేని ప్రాంతంలో, 400 అడుగుల ఎత్తు దాకా ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. మా ఊరు గన్నవరం విమానాశ్రయానికి పది కిలోమీటర్లు కాబట్టి మాకు 200 అడుగులే. ఈ వెసులుబాటు మంచిదే, దోమ మందు కోసం ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు? కానీ అడగక్కర్లేదంటే ఎవరికీ చెప్పక్కర్లేదనే అయింది. ఏ డ్రోన్ ఏ ఎత్తులో ఎటు వెళ్తుందో ముందే నమోదుచేసి, ఎగిరినంతసేపూ అది ఎక్కడుందో మిగతావాళ్ళకు తెలిపే ఏర్పాటును యూటీఎం అంటారట. దానికి కేంద్రం 2021 అక్టోబరులోనే విధానపత్రం ఇచ్చింది. గట్టు మీద నిలబడ్డ మాకు మాత్రం దాని జాడే లేదు.

బుడమేరు వరదల్లో అన్నం పొట్లాలకు హెలికాప్టర్లూ తిరిగాయి, డ్రోన్లూ తిరిగాయి. అప్పుడంటే అధికారులు దగ్గరుండి చూసుకున్నారు. డ్రోన్ దీదీ పథకం కింద దేశంలో 15,000 మహిళా సంఘాలకు మందు కొట్టే డ్రోన్లు ఇస్తామన్నారు. దోమ పడితే ఊరంతా ఆ నాలుగు రోజుల్లోనే మందు కొట్టాలి, డ్రోన్లన్నీ ఒకేసారి లేస్తాయి.

యూటీఎంను ముందు ఒక్క మండలంలో పెట్టి చూడండి. ఈలోపు ఎవరి చేలో ఎన్నింటికి డ్రోన్ ఎగురుతుందో రైతు సేవా కేంద్రంలో పుస్తకం పెట్టి రాయించండి. ఫొటోలవాళ్ళ చేత కూడా.

- ఒక వరి రైతు, కృష్ణా జిల్లా